మాటకు రెండు మార్కులు

పోయిన నెల న్యూజెర్సీలో ఉండే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. కింద ఒక్క ముక్క రాశాడు: "అక్కా, నీకూ ఇలాగే అనిపించిందా?" జిల్ బోల్టీ టేలర్ అనే అమెరికా మెదడు శాస్త్రవేత్త 2008లో టెడ్ వేదిక మీద ఇచ్చిన ప్రసంగం అది. మీలో చాలామంది చూసే ఉంటారు. 1996 డిసెంబరు 10 పొద్దున ఆవిడకు మెదడులో ఎడమవైపు రక్తనాళం చిట్లింది. నాలుగు గంటల్లో నడక, మాట, చదువు ఒక్కొక్కటీ జారిపోయాయి. ఆ జారిపోవడం మధ్యలోనే తన ఒంటికి హద్దులు చెరిగిపోయి విశ్వంలో కలిసిపోయినట్టు అనిపించిందట. దాన్ని ఆవిడ నిర్వాణం అంది.

రెండుసార్లు చూశాను. మొదటిసారి ఏడుపొచ్చింది. ఫోన్ చేద్దామంటే విజిటింగ్ కార్డు మీది అంకెలు గీతల్లా కనబడ్డాయని ఆవిడ చెప్తుంటే, ఆ గీతలు నేనూ చూశాను కదా అనిపించింది. రెండోసారి మాత్రం చిరాకు వేసింది. ఆవిడ మీద కాదు. ఆవిడ అనుభవం ఆవిడది, మళ్లీ మనిషి కావడానికి ఎనిమిదేళ్లు కష్టపడింది. చిరాకల్లా దాన్ని ఫార్వర్డ్ చేసేవాళ్ల మీద. "ధ్యానంలో దొరికేది స్ట్రోకులో దొరికింది" అని ఒక పువ్వు బొమ్మ పెట్టి పంపిస్తారు. అదే మనుషులు ఆసుపత్రిలో మాట పడిపోయిన మనిషి మంచం దగ్గర నిలబడి "ఇంకేం తెలుస్తుందిలే పాపం" అంటారు. ఆ రెండు మాటలూ ఒకే నోటి నుంచి ఎలా వస్తాయో నాకు అర్థం కాదు.

వాడికి "తర్వాత చెప్తా" అని పెట్టాను. ఇదే ఆ తర్వాత. ఎడమ చేత్తో టైపు చేస్తున్నాను, అందుకే నెల పట్టింది.

పాలు పొంగిన పొద్దు

2019 కార్తీకం. సోమవారాలు ఉపవాసం కదా, పరగడుపున మాత్ర ఎందుకులే అని బీపీ మాత్ర మానేసేదాన్ని. ఎవరూ మానమనలేదు, నా సొంత తెలివే. మూడో సోమవారం పొద్దున్నే, అయిదున్నర ప్రాంతంలో, స్టవ్ మీద పాలు పెట్టి నిలబడ్డాను. పాలు పొంగాయి. కట్టెయ్యాలని చెయ్యి చాపితే కుడి చెయ్యి రాలేదు. ఎడమ చేత్తో కట్టేశాను. తర్వాత జారి కింద కూర్చున్నాను.

ఈ చిన్న సంగతి దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. ఆ క్షణంలో నా తలలో "పాలు" అన్న మాట లేదు. "స్టవ్" లేదు, "కట్టెయ్" లేదు. పొంగుతున్నది తెలుసు, ఆపాలని తెలుసు, ఒక చెయ్యి పలకకపోతే రెండోది ఉందని తెలుసు. తెలియడం ఉంది, మాట లేదు.

మావారు వచ్చి "ఏమైందే?" అన్నారు. చెప్పబోయాను. "అదే" అని వచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ "అదే". కాసేపటికి అదీ పోయి ఒట్టి శబ్దమే మిగిలింది. మా అత్తయ్య గ్యాస్ అన్నారు. పంచదార నీళ్లు పట్టబోతే కుడివైపు మూతి లోంచి కారిపోయాయి. పక్కింటాయన పావురం రక్తం రాస్తే నరాలు లేస్తాయన్నాడు. ఇవన్నీ దాటి కారెక్కించి, స్కానింగ్ చేయించి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. నాలుగున్నర దాటితే సాధారణంగా ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. ఆ కథ ఇంతే చాలు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత రోజుల గురించి.

టేలర్ చెప్పిన నిశ్శబ్దం నిజమే, అది మాత్రం ఒప్పుకుంటాను. నా లోపల ఎప్పుడూ ఒక గొణుగుడు నడిచేది. క్యాష్ టాలీ అయిందా, సిలిండర్ బుక్ చేశామా, అమ్మాయి సంబంధం వాళ్లు ఏమంటారో. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ ఆగితేగానీ అది ఇందాకటి నుంచీ మోగుతోందని తెలియదు చూడండి, అలా ఆగిపోయింది. టెన్షన్ లేదు. నిన్న, రేపు లేవు. కిటికీలోంచి ఎండ మంచం మీదకి రావడం, పోవడం ఉండేది. కుడి చెయ్యి పక్కన ఎవరో మరిచిపోయి వెళ్లిన సంచిలా పడి ఉండేది.

అయితే అందులో భయం కూడా ఉంది. భయానికి మాట అక్కర్లేదు, కడుపు చాలు. అమ్మాయి గుమ్మంలో కనబడితే ప్రాణం లేచొచ్చేది, వెళ్లిపోతుంటే మునిగిపోయినట్టుండేది. విశ్వంలో కలిసిపోవడం లాంటిదేమీ నాకు జరగలేదు. నేను నేనుగానే ఉన్నాను, నా పేరు మాత్రం నా దగ్గర లేదు.

పన్నెండు, పదిహేను

డిశ్చార్జి అయ్యాక, కొంచెం చదవడం వచ్చాక, నా ఫైలు తెరిచాను. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పనిచేసిన దాన్ని, కాగితం చూస్తే మొదట అంకెల మీదే కన్ను పడుతుంది. మొదటి పేజీలో: కళ్లకు 4, మాటకు 2, కదలికకు 6. మొత్తం 12.

అది గ్లాస్గో కోమా స్కేల్ అని తర్వాత తెలిసింది. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు తయారుచేశారు. మనిషి ఎంత స్పృహలో ఉన్నాడో మంచం పక్కనే నిలబడి చూసి వేసే మార్కులు. నిండుగా ఉంటే 15, అట్టడుగు 3. అందులో మాటకు అయిదు. పేరు, చోటు, రోజు సరిగ్గా చెప్తే అయిదూ ఇస్తారు. ఒట్టి మూలుగు అయితే రెండు.

నా మూడు మార్కులు ఎక్కడ పోయాయో వెతకక్కర్లేదు, మాట దగ్గరే పోయాయి. కానీ ఆ మూడూ స్పృహ ఖాతాలో డెబిట్ పడ్డాయి. క్యాష్ కౌంటర్లో ఇలాంటి పొరపాటు చేస్తే ఆ సాయంత్రం మమ్మల్ని ఇంటికి పోనివ్వరు.

ఈ మాట మా న్యూరాలజిస్టుతో అంటే ఆయన నవ్వి, నిజమే అన్నారు. తలకు దెబ్బ తగిలినవాళ్ల పరిస్థితి గంట గంటకీ ఎలా మారుతోందో చూడటానికి పుట్టిన కొలత అది. మాట పోయిన స్ట్రోకు మనిషికి అది తక్కువ చూపిస్తుందని డాక్టర్లందరికీ తెలుసు. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో అంతకంటే తొందరగా చూడగలిగేది ఇంకేముందమ్మా అని ఆయనే నన్ను అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. స్ట్రోకు వచ్చి నిజంగానే స్పృహ పోయినవాళ్లు ఉంటారు. మాట వినబడినా దాని అర్థం అందనివాళ్లు ఉంటారు. బయటి నుంచి చూస్తే అందరం ఒకలాగే ఉంటాం.

డాక్టర్లకు తెలుసు సరే. ఆ అంకె ఫైలు దాటి వార్డులోకి వచ్చేసరికి "తెలివిలో లేదు" అయిపోతుంది. ఈ మాటలోనే పెద్ద చిక్కుంది. మన భాషలో తెలివి అంటే స్పృహా అదే, బుర్రా అదే. తెలివి తప్పింది, తెలివి వచ్చింది, తెలివిగల పిల్ల. ఒకసారి "తెలివిలో లేదు" అనేశాక రెండూ కలిపే తీసేస్తారు. తెలంగాణ నుంచి వచ్చిన ఒక సిస్టర్ మాత్రం రోజూ నా కళ్లలోకి చూసి "అమ్మకు సోయి మంచిగుంది" అనేది. ఆ పిల్ల నాకు నచ్చడానికి అదొక కారణం.

మా ఆడపడుచు నా మంచం మీదుగా వంగి మావారితో అంది: "సంబంధం వాళ్లకి ఈ సంగతి ఇప్పుడే చెప్పకండి అన్నయ్యా. వంశంలో ఉందనుకుంటారు." మాటలన్నీ నాకు అందాయని చెప్పను. "సంబంధం" అందింది, అమ్మాయి పేరు అందింది, గొంతు తగ్గించకుండా మాట్లాడటం అందింది. గొంతు తగ్గించకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

పక్క మంచం పెద్దాయన

పక్క మంచంలో ఒక మిర్చి వ్యాపారి ఉండేవాడు, డెబ్భై ఏళ్లుంటాయి. ఆయనకు కుడివైపు మెదడు దెబ్బతిని ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నాది ఎడమ మెదడు, కుడి పక్క పడిపోయింది. మాట ఉండేది చాలామందిలో ఎడమవైపే, అందుకే నాకు మాట కూడా పోయింది. ఆయన మాట మాత్రం గుంటూరు యార్డులో వేలం పాటలా ఖంగుమనేది. పేరు, ఊరు, వారం గడగడా చెప్పేవాడు. ఆయనకు పదిహేనుకు పదిహేను పడి ఉంటాయి.

ఒకరోజు ఫిజియోథెరపీ అబ్బాయి ఆయన ఎడమ చెయ్యి పైకెత్తి "ఇదెవరిది తాతా?" అన్నాడు.

"మా బావమరిదిది. రాత్రి ఇక్కడే పడుకున్నాడు," అన్నాడు పెద్దాయన, ఏ తడబాటూ లేకుండా.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. చెయ్యి పడిపోయిందని ఆయనకు నిజంగానే తెలియదు. లేచి యార్డుకు పోతానని రోజూ చెప్పులు అడిగేవాడు. తన జబ్బు తనకు తెలియని ఈ స్థితికి 1914లో బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి డాక్టరు అనొసోగ్నోసియా అని పేరు పెట్టాడట. పేరు పలకడం నాకిప్పటికీ రాదు.

నేను ఆ మంచం మీద పడుకుని చూస్తున్నాను. నా చెయ్యి పడిపోయిందని నాకు తెలుసు, మాట రావడం లేదని తెలుసు. ఆయనకు తన ఒంట్లో సగం ఉన్న సంగతే తెలియదు. డాక్టరు ఇంటికి పంపడం గురించి ఆయన్నే అడిగేవాడు. నా గురించి మావారిని అడిగేవాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఆ రెండు మంచాల మధ్యనే ఉంది. మాట ఉన్నంత మాత్రాన ఎరుక ఉన్నట్టు కాదు, మాట పోయినంత మాత్రాన పోయినట్టూ కాదు. మనం మాత్రం ఒకదాన్ని చూసి రెండోదాని సంగతి తేల్చేస్తాం.

నూట ఇరవై రూపాయలు

భర్తృహరి దీనికి ఒప్పుకోడు. సుభాషితాల భర్తృహరేనా, ఇంకొకరా అన్న తగువు పండితులకు వదిలేద్దాం, వాక్యపదీయం రాసినాయన. శబ్దం అల్లుకోకుండా లోకంలో ఏ జ్ఞానమూ ఉండదన్నాడు. ఈ మాట నాకు మా తమ్ముడు గుర్తుచేశాడు, వాడు సంస్కృతం లెక్చరర్. "నువ్వు పాలు ఆపినప్పుడు మాట లేదనుకున్నావు అక్కా, లోపల పశ్యంతిగా, అంటే ఇంకా పలుకుగా మారని మాటగా, ఉండే ఉంటుంది" అన్నాడు. కావచ్చు. కానీ ఎవరికీ వినబడని, తలచుకున్నవాడికి కూడా తెలియని దాన్ని కూడా మాటే అంటే, ఇక మాట కానిదేముంటుంది? వాడు నవ్వాడు, నేను గెలిచాననుకోలేదు.

ఇంగ్లిషులో మొదటి పెద్ద నిఘంటువుల్లో ఒకటి రాసిన శామ్యూల్ జాన్సన్‌కు కూడా ఇలాగే అయింది. 1783 జూన్ 17 తెల్లవారుజామున మాట పోయింది, ఆయనకప్పుడు 73 ఏళ్లు. బుర్ర పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి లాటిన్‌లో ఒక ప్రార్థన పద్యం కట్టాడు. పద్యం అంత బాగా రాలేదనీ, బాగా రాలేదన్న సంగతి తనకు తెలిసిందనీ, దాన్నిబట్టి బుద్ధి చెడలేదని తేల్చుకున్నాననీ ఉత్తరంలో రాశాడు. ఆ మనిషంటే నాకు ముచ్చట. అయితే ఆయనకు పోయింది నోటి మాట, లోపలి మాట ఉంది. నాకు లోపలిదీ పోయింది. మరి నా బుర్ర పనిచేస్తోందనడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఏమిటి?

కొబ్బరిబోండాలు.

ఆరో రోజో ఏడో రోజో, మావారు వార్డుబాయ్‌కి రెండొందల నోటిచ్చి రెండు బోండాలు తెమ్మన్నారు. బోండాం నలభై. ఆ ధర అతను రాగానే చెప్పాడు. మావారి చేతిలో ఒక ఇరవై నోటు పెట్టి వెళ్లబోయాడు. మావారు ఫోన్లో ఉన్నారు. నేను ఆ అబ్బాయి చొక్కా పట్టుకున్నాను. "అదే! అదే!" అన్నాను. అప్పటికి నా ఒక్క మాట తిరిగొచ్చింది లెండి. మావారు కంగారుపడి "నొప్పా? సిస్టర్‌ని పిలవనా?" అన్నారు. "అదే!" ఎడమ చేతి వేలొకటి చూపించాను, నోటు చూపించాను, మళ్లీ వేలు. అయిదు నిమిషాలు పట్టింది. వంద తక్కువొచ్చింది. ఆ అబ్బాయి జేబులో ఉండిపోయింది, పాపం కావాలని కాదేమో. మా అత్తయ్య మాత్రం "దీనికి లెక్క పోలేదురా" అని ఏడ్చేశారు. నా స్పృహకు మొదటి సర్టిఫికెట్ ఆవిడే ఇచ్చారు.

రోజ్‌మేరీ వార్లీ అనే పరిశోధకురాలు 2005లో ఇలాంటి ముగ్గురి గురించి రాసింది. స్ట్రోకు లాంటి దెబ్బలతో భాష బాగా పాడైపోయినవాళ్లు. మనిషి సింహాన్ని చంపాడో, సింహం మనిషిని చంపిందో వాక్యం విని చెప్పలేరు. కానీ 59లోంచి 13 తీయడం వేరు, 13లోంచి 59 తీయడం వేరని తెలుసు, బ్రాకెట్ల లెక్కలు చేస్తారు. ఇంగ్లిషులో అది మాటల వరసతో వచ్చిన తంటా. మనకు వరస ఎటు తిప్పినా ఫర్వాలేదు, ప్రాణమంతా విభక్తిలోనూ క్రియ చివరా ఉంటుంది. నాకు మాటలు మెల్లగా వస్తున్నప్పుడు అవే రాలేదు. "నేను... నీళ్లు... గ్లాసు." మావారిని చూపిస్తూ "వచ్చింది" అన్నాను. ఇంకోరోజు "నువ్వు కూర్చో" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన్ని నువ్వనలేదు. ఆయన బుద్ధిగా కూర్చున్నారు.

1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు చూసిన లెబోర్న్ అనే రోగికి "టాన్" అన్న ఒక్క ముక్కే వచ్చేదట. ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలోనే ఉన్నాడు. మాట్లాడేది అర్థమయ్యేది, అంకెలు వేళ్లతో చూపించేవాడు, మరీ కోపమొస్తే ఒక తిట్టు మాత్రం స్పష్టంగా వచ్చేది. అందరూ అతన్ని టాన్ అనే పిలిచారు. నన్ను ఎవరూ "అదే" అని పిలవనందుకు సంతోషం.

లాభం, రెండు, మూడు

స్పీచ్ థెరపీ అమ్మాయి నాలుగు వేళ్లు చూపించి ఎన్ని అంది. నాలుగని తెలుసు. రాదు. ఒకటి నుంచి లెక్కపెట్టండి ఆంటీ అంది. నోరు తెరిస్తే వచ్చింది: "లాభం, రెండు, మూడు, నాలుగు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. మా అమ్మమ్మ కుంచంతో ధాన్యం కొలుస్తూ ఒకటి అనేది కాదు, లాభం అనేది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లు నోట్లు లెక్కపెట్టిన నా నోటికి అవేమీ అందలేదు. కొట్టు గదిలో అయిదేళ్ల వయసులో విన్నది వచ్చింది. వరసగా వచ్చేవి, పాటలు, తిట్లు, దండకాలు మెదడులో ఇంకో దారిన వస్తాయని ఆ అమ్మాయి చెప్పింది. ఆ తర్వాత చాలా నెలలు ఏ అంకె కావాలన్నా లాభం దగ్గర ఎక్కి ఆ అంకె దగ్గర దిగేదాన్ని. కూరలబ్బాయికి ఇప్పటికీ అలవాటైపోయింది, "లాభం కేజీయా మేడం?" అంటాడు.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం. మాటలు లేని రోజుల గురించి ఇన్ని మాటలు రాస్తున్నాను. అప్పుడు పేరు లేని వాటికి ఇప్పుడు పేర్లు పెడుతున్నాను. ఫ్రిజ్ పోలిక అప్పుడు లేదు, ఈ ఏడాదే తట్టింది. మావారు, అమ్మాయి చెప్పినవి కూడా నా జ్ఞాపకాల్లో కలిసిపోయి ఉంటాయి. టేలర్‌కు నిర్వాణం అన్న మాట కూడా తర్వాతే దొరికి ఉంటుందని నా అనుమానం. ఆవిడకు ఆ మాట దొరికింది, నాకు కరెంటు పోవడం దొరికింది. కానీ వంద రూపాయలు మాత్రం తర్వాత కల్పించుకున్నది కాదు, దానికి సాక్షులున్నారు.

న్యూజెర్సీ తమ్ముడికి ఇదంతా రాశాక ఇంకొకటి మిగిలింది. అది వాడికి రాయలేదు.

2012లో అనుకుంటాను. మా ఊరి పక్క పల్లెలో ఒక ఖాతాదారుకు పక్షవాతం వచ్చింది. ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువుకు ముందే తీయాలని కొడుకు వచ్చాడు. సంతకం చేయలేని రోగి అయితే ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర తీసుకుంటాం, అందులో ఒకరు బ్యాంకు మనిషి ఉండాలి. నన్ను పంపారు. వసారాలో నులక మంచం మీద పెద్దాయన. మూతి వంకర, మాట లేదు, కుడి చెయ్యి గుండెల మీద వేలాడేసినట్టుంది. నేను కొడుకుతో మాట్లాడాను. కాగితంలో ఏముందో కొడుక్కి చదివి వినిపించాను. మగవాళ్లకు ఎడమ బొటనవేలు తీసుకుంటాం కాబట్టి ఆ చెయ్యి పట్టుకుని ఇంకు ప్యాడ్ మీద పెట్టబోయాను. వెనక్కి లాక్కున్నాడు. మళ్లీ పట్టుకున్నాను. మళ్లీ లాక్కున్నాడు.

"స్పృహ లేదు మేడం, నరాలు అదురుతున్నాయి," అన్నాడు కొడుకు.

ఆ డబ్బు వైద్యానికే అయి ఉండొచ్చు. కొడుకు మంచివాడే అయి ఉండొచ్చు. నేను మణికట్టు గట్టిగా పట్టుకుని ముద్ర వేయించాను, బాగా పడింది. పడిపోయింది కుడి చెయ్యి. లాక్కున్నది ఎడమ చెయ్యి.